మేనేజరు పోయిన మెట్టు

పిల్లుల నడకలో నాలుగో మజిలీ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే జనం గొంతు తగ్గించేవారు. అంతవరకూ నవ్వుతూ, ఫోటోలు తీసుకుంటూ వచ్చినవాళ్ళు బైండింగు కొట్టు ముందున్న మూడు మెట్ల ఎదుట నిలబడిపోయేవారు. పిల్లులత్తయ్య ఎర్ర రిబ్బను కట్టిన గొడుగును చంకలో పెట్టుకుని, కాసేపు ఊరుకుని, అప్పుడు మొదలుపెట్టేది.

"ఇదిగో, ఈ కింది మెట్టు మీదే మా మేనేజరు ప్రాణం పోయింది."

మేనేజరంటే పిల్లి. బూడిదరంగు గండుపిల్లి. పొద్దున తొమ్మిదింటికి వీధి మొదట్లో బ్యాంకు తలుపులు తీసే వేళకు వెళ్ళి గుమ్మంలో కూర్చునేది. పదిన్నరకు లేచి ఒక్కో కొట్టూ తనిఖీ చేసుకుంటూ వీధి చివరిదాకా వచ్చేది. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ బ్యాంకులోని అసలు మేనేజరు కూడా దాన్ని "సార్" అనేవాడు.

ఊరు చూడవచ్చినవాళ్ళకి నడకలు నడిపే ఆఫీసు ఒకటుంది. పాత కట్టడాలకొక నడక, తిండి కొట్లకొక నడక, పిల్లులకొక నడక. మూడింటిలోనూ జనం ఎక్కువ వచ్చేది పిల్లుల నడకకే. వారానికి నాలుగు రోజులు, సాయంత్రం నాలుగింటికి, అత్తయ్య వాళ్ళని ఆరు మజిలీలు తిప్పేది. పిల్లిని ఎత్తుకోకూడదు, మన నీడ దానిమీద పడకుండా కూర్చోవాలి, చెవి కొస కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు, ఇవన్నీ చెప్పేది. మూడో మజిలీలో దర్జీ రోజూ మిషను ఆపి, "అత్తయ్యా, మా పిల్లి గురించి ఇంకాస్త గొప్పగా చెప్పు, అది నామీద అలుగుతోంది" అనేవాడు. "నువ్వు కుట్టిన చొక్కాలు చూసి అలిగిందేమో, కనుక్కో" అనేది అత్తయ్య. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు సద్దుమణగకముందే మలుపు తిరిగి నాలుగో మజిలీకి తెచ్చేది. అలా తెస్తే ఏడుపు బాగా పండుతుందని ఆమెకు తెలుసు.

ఆ గురువారమూ అలాగే చెప్పింది.

"పొద్దున్నే వచ్చి చూస్తే మొహం వాచిపోయి ఇక్కడ పడుంది. నా చెయ్యి వాసన చూసి కళ్ళు మూసింది. ఎనిమిది నెలలైంది. ఇదిగో, ఈ కొట్లో జిగురులో మైలుతుత్తం కలుపుతారు. పుస్తకాలకి పురుగు పట్టకుండా. ఆరబెట్టిన కాగితాలమీద పిల్లి నడిస్తే ఎవరికైనా కోపం వస్తుంది కదా. నేనేమీ అనను. మీరే అర్థం చేసుకోండి."

జనం సగం తెరిచి ఉన్న తలుపుకేసి చూశారు. లోపల పుస్తకం వీపు గుండ్రం చేసే సుత్తి చప్పుడు ఆగింది. "ఏం మనుషులమ్మా" అందొకావిడ. వెనకనున్న ఒకాయన మెట్టు పక్కన ఉమ్మి, కదిలాడు.

ఆరో మజిలీలో పిల్లులకు వేసే తిండిగింజల డబ్బా ఖాళీ అయి, అందరూ వెళ్ళిపోతుండగా పొట్టి జుట్టావిడ ఒకతె ఆగిపోయింది.

"నేను పశువుల డాక్టర్నండీ. ఒక్కమాట అడగనా?"

"అడగండమ్మా."

"మేనేజరుకి వాంతులయ్యాయా? నీలంగానో, ఆకుపచ్చగానో?"

"వాంతులేం కాలేదు. మొహం వాచింది, పాదాలు వాచాయి. చిగుళ్ళు చూస్తే కాఫీ రంగు."

"ఊపిరి?"

"ఎగపోస్తున్నట్టు."

"అంతకుముందు ఒంట్లో బాగుండేదా?"

"జలుబు చేసింది. ఒళ్ళు కాలిపోయేది."

డాక్టరు సంచీని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "మనం వేసుకునే జ్వరం బిళ్ళ ఎవరైనా వేశారా దానికి?"

డబ్బా మూత మీద అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. "ఎందుకడుగుతున్నారు?"

"మైలుతుత్తమైతే ముందు వాంతులవుతాయండీ. మీరు చెప్పినవన్నీ జ్వరం బిళ్ళ లక్షణాలు. పిల్లికది విషమే. సగం బిళ్ళ చాలు. పాపం ప్రేమకొద్దీ వేస్తారు. నెలకొకటైనా వస్తుంది నా దగ్గరికి, తీసుకొచ్చేసరికే ఆలస్యమైపోతుంది."

"లేదు. ఎవరూ వెయ్యలేదు" అంది అత్తయ్య.

డాక్టరు ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత, "అయితే సరేలెండి" అని, బస్సు వస్తుంటే వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి అత్తయ్య చెప్పులు విప్పకుండానే వంటింటి అలమర సొరుగు తీసింది. దారపు ఉండలు, తాళంచెవులు, వాటికింద బిళ్ళల అట్ట. ఏ బిళ్ళలో సగం విరిచిందో ఆమె వేళ్ళకు ఇంకా గుర్తుంది. పొద్దున సగం, పాలలో నలిపి. ఒళ్ళు ఇంకా కాలుతోందని సాయంత్రం మిగతా సగం.

భర్త పక్క ఊరి బడిలో గుమాస్తా. చొక్కా మార్చుకుని వచ్చి ఆమె అక్కడే నిలబడి ఉండడం చూశాడు.

"ఏమే, తలనొప్పా?"

ఆమె చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా, డాక్టరుతో అబద్ధమాడిన మాటతో సహా. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని విన్నాడు.

"తెలియక చేశావు. తెలియక చేసినదానికి దేవుడు పట్టించుకోడు."

"వెయ్యడం తెలియకే వేశానండీ. మరి ఆ బైండరే చంపాడన్నట్టు చెప్పడం?"

"చెప్పడమూ తెలియకేగా."

"ఆయన జిగురు గిన్నెలో అది మూతి పెట్టడం నేను చూశానా? చూళ్ళేదు. చూసినట్టే చెప్పాను. ఎనిమిది నెలలు, వారానికి నాలుగుసార్లు."

ఆయన స్టూలు వెనక్కి జరిపి, "ఇప్పుడు ఎవరికీ చెప్పకపోతే మాత్రం ఏమవుతుంది?" అన్నాడు. అన్నాక తనకే ఆ మాట నచ్చనట్టు లేచి, మంచినీళ్ళు తాగాడు.

ఆమె దేవుడి పటం ముందు కూర్చుంది. రోజూ అడిగేవి వరసగా నోటికొస్తాయి. ఆ సాయంత్రం ఏమడగాలో తోచలేదు. సొరుగు తీసినప్పుడూ చూశావు, నేను వీధిలో నిలబడి కథ చెప్పినప్పుడూ చూశావు. ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావు? అలా అనుకున్నాక ఆ పొద్దుటి సంగతి గుర్తుకొచ్చింది. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని తను కేకలేస్తుంటే బైండరు గుమ్మంలోకి వచ్చి, "గిన్నె మీద మూత ఉందమ్మా, చూడండి" అన్నాడు. రెండుసార్లన్నాడు. గిన్నె తెచ్చి చూపించాడు కూడా. వీధంతా తనవైపే చూస్తోంది. దేవుడు ఊరుకోలేదేమో, ఆ మాటే పలికించాడేమో, తనే వినలేదేమో అనిపించింది. దానితో మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది.

మర్నాడు నడక లేదు. పదింటికి ఆమె బైండింగు కొట్టు మెట్లెక్కింది. ఎనిమిది నెలలుగా ఆ మెట్లకేసి వేలు చూపించిందే కానీ వాటిమీద అడుగు పెట్టలేదు.

లోపల బైండరు నేలమీద చాప వేసుకుని పుస్తకం కుడుతున్నాడు. మైనం పూసిన దారం పళ్ళతో పట్టుకుని, సూదిని మడతలోంచి బయటికి లాగి, ముడివేసి, బొటనవేలితో నొక్కుతున్నాడు. పక్కన పిల్లల బొమ్మల పుస్తకాలు ఏడెనిమిది, అట్టలు ఊడి, తమ వంతు కోసం ఉన్నాయి. గోడవారన బీరువాల్లో ఇదివరకు పుస్తకాలు పైకప్పుదాకా ఉండేవి. ఇప్పుడు అరలన్నీ ఖాళీ. పుస్తకాలు నొక్కి పట్టే బిగింపు మర చక్రం ఊడదీసి గోనెలో చుట్టి ఉంది.

"ఈరోజు నడక లేదుగా" అన్నాడు తల ఎత్తకుండా.

"లేదండీ." ఆమె బీరువాలకేసి చూసింది. "ఖాళీ చేస్తున్నారా?"

"ఆదివారానికి."

"ఎందుకని?"

ఆయన అప్పుడు తలెత్తాడు. అద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. "పని లేదమ్మా. ఇవి ఒకరింటివి, ఇవే ఆఖరు. బడులవాళ్ళు నాకు పుస్తకాలివ్వడం మానేశారు. పిల్లలు ముట్టుకునే పుస్తకాలకి విషం పూస్తానట. ఊళ్ళో బైండర్లందరూ పూసే జిగురే అది. అయినా ఎవరికని చెప్పను? ఊళ్ళో పెద్ద బడి హెడ్‌మిస్ట్రెస్‌గారు మీ నడకకి వచ్చారు, చుట్టాల్ని వెంటబెట్టుకుని. మర్నాడే పుస్తకాలు వెనక్కి తెప్పించుకున్నారు, సగం కుట్టినవి కూడా."

ఆమెకు మాట గొంతుదాకా వచ్చింది. పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి, గదిలో ఒక్కడికి చెబితే ఏం లాభం అనుకుంది. అది నిజమే. ఇక్కడ, ఇద్దరే ఉన్నచోట, ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పాలంటే భయమేసిందన్నదీ నిజమే.

"ఎక్కడికి వెళతారు?"

"ఊరవతల అచ్చాఫీసులో కాగితాలు మడతపెట్టే పనుందన్నారు. కూర్చునే చేసేది."

"రేపు నాలుగున్నరకి కొట్లోనే ఉంటారా అన్నయ్యగారూ?"

ఆయన సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, "ఎక్కడికి పోతాను? మీరు చెప్పేటప్పుడు ఎప్పుడూ ఉంటున్నాగా" అన్నాడు. ఆ మాటలో పోట్లాట లేదు. ఉన్నా బాగుండుననిపించింది ఆమెకు.

శనివారం పద్దెనిమిది మంది వచ్చారు. నడకల ఆఫీసు అమ్మాయి కూడా వచ్చింది, ప్రకటన కోసం వీడియో తియ్యడానికి. "అత్తయ్యా, నాలుగో మజిలీలో కాస్త మెల్లిగా చెప్పండి, మొహం బాగా పడుతుంది" అంది. అత్తయ్య సరేనంది. మొదటి మజిలీలో తల్లిపిల్లిని చూపించింది, రెండో మజిలీలో ఒంటికన్ను పిల్లిని. దర్జీ ఏదో అన్నాడు, ఆమె బదులు చెప్పలేదు. "అత్తయ్యకి ఇవాళ ఉప్పు తక్కువైందర్రా" అని వాడే నవ్వుకున్నాడు.

మెట్ల ముందు గొడుగును నేలకు ఆనించి నిలబడింది.

"ఇక్కడే మా మేనేజరు పోయింది. దాన్ని చంపింది నేను."

ఎవరో చిన్నగా నవ్వి, అది హాస్యం కాదని తెలిసి ఆపేశారు.

"జ్వరమొస్తే మనం వేసుకునే బిళ్ళ పాలలో కలిపి పట్టాను. రెండుసార్లు. పిల్లికది విషమని తెలియదు నాకు. అది దాని దోవన వచ్చి ఈ మెట్టు మీద పడుకుంది. ఈ కొట్టు ఆయన ఏమీ చెయ్యలేదు. ఆయన గిన్నె మీద మూత ఉంది. నేను చూసి కూడా, ఇన్నాళ్ళూ మీలాంటి వాళ్ళందరికీ ఆయనే చంపాడన్నట్టు చెప్పాను. పేరు చెప్పకుండా చెప్పాను. అది ఇంకా పెద్ద తప్పు."

ఆమె తలుపువైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ ఒకతె వచ్చి అత్తయ్యను గట్టిగా పట్టుకుంది. "ఎంత కుమిలిపోయుంటావమ్మా తల్లీ!" అని ఏడ్చింది. "ఇంతమందిలో ఒప్పుకోవాలంటే ఎంత గుండె కావాలండీ" అన్నాడొకాయన. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పద్దెనిమిది మందీ కొట్టారు. ఆఫీసు అమ్మాయి ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు ఎవరికో తలుపు గుర్తొచ్చింది. "బాబాయ్, బయటికి రండి! క్షమించానని ఒక్కమాట చెప్పండి, వీడియో తీస్తున్నాం!"

బైండరు గుమ్మంలోకి వచ్చాడు. వేళ్ళకు జిగురుంది, అందుకని చేతులు ఒంటికి తగలకుండా కాస్త ఎడంగా పట్టుకున్నాడు. అందరి మొహాలూ చూశాడు. అందరూ నవ్వుతూ, తడి కళ్ళతో, ఆయన మాట కోసం చూస్తున్నారు.

"సరేనమ్మా" అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

దానికీ చప్పట్లు కొట్టారు.

ఆరున్నరకు, అందరూ వెళ్ళాక, ఆమె ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది. ఆయన చివరి బొమ్మల పుస్తకానికి అట్ట అతికించి, మధ్యనుంచి అంచులకు అరచేత్తో రుద్దుతున్నాడు. గాలిబుడగ లేకుండా చూసుకుని, పైన పలక పెట్టి, పలక మీద రెండు ఇటుకలు పెట్టాడు.

"కూర్చోండి" అన్నాడు.

ఆమె గుమ్మంలోనే కూర్చుంది. "నిన్న మీకే ముందు చెప్పాల్సింది. నోరు రాలేదు."

"ఫరవాలేదు."

"మీరు కోప్పడండి అన్నయ్యగారూ. నాలుగు తిట్టండి."

"కోపం లేదమ్మా. అర్థం కావడం లేదంతే." గిన్నెలో నీళ్ళు పోసుకుని వేళ్ళు ఒక్కొక్కటీ కడుక్కున్నాడు. "నేను చంపానన్నప్పుడు ఆ పిల్లి ఎంత మంచిదో అందరికీ గుర్తొచ్చింది. మీరు చంపారనేసరికి మీరెంత మంచివారో గుర్తొచ్చింది. పోయింది ఒక్క పిల్లేగా. మరి ఇదేమిటి?"

ఆమె డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. వీధిలోంచి సైకిలు ఒకటి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళింది.

"సోమవారం బడికి వెళతాను. హెడ్‌మిస్ట్రెస్‌గారితో నేనే మాట్లాడతాను."

"ఆ పని ఇంకో కుర్రాడికిచ్చారు. పిల్లలుగలవాడు. వాడి నోటి దగ్గరిది లాక్కుని నేనేం చేసుకోను?" ఆయన కొద్దిగా నవ్వాడు. "వాడూ అదే జిగురు పూస్తాడనుకోండి."

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "అడిగితే చేస్తారా?"

"దేవుడి మీద ఆన. చేస్తాను."

"నా గురించి ఇంక చెప్పకండి. చెడూ వద్దు, మంచీ వద్దు. ఇక్కడ ఆగకండి."

"మరి నిజం పదిమందికీ తెలియొద్దా?"

"మీరు చెప్పినప్పుడల్లా మీకు కాస్త బరువు దిగుతుంది. దిగాలి కూడా. కానీ నన్ను మాత్రం జనం ప్రతిసారీ ఈ గుమ్మంలోకి పిలుస్తారమ్మా. నేనిక్కడ లేకపోయినా పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళు పుస్తకాలు కుట్టాను ఈ వీధిలో. దాన్ని గురించి ఎవరూ ఆగి చూడలేదు. చూడక్కర్లేదు కూడా. ఊరికే వదిలేస్తే చాలు."

"సరే" అందామె. "ఆగను. చెప్పను."

ఆదివారం మధ్యాహ్నం బండి వచ్చి సామాను తీసుకువెళ్ళిందని దర్జీ చెప్పాడు. బిగింపు మరను ముగ్గురు మోశారట. ఇటుకలు మాత్రం అక్కడే వదిలేశాడట.

నాలుగింటికి నడకకు ముప్ఫైయొక్క మంది వచ్చారు. అంతమంది ఎప్పుడూ రాలేదు. వీడియో రాత్రికి రాత్రి ఊరంతా తిరిగిందని ఆఫీసు అమ్మాయి ఉబ్బితబ్బిబ్బవుతోంది. "అత్తయ్యా, అందరూ దానికోసమే వచ్చారు. నిన్నటిలాగే చెప్పండి, ఒక్కమాట కూడా మార్చొద్దు."

"అక్కడ ఆగడం లేదమ్మా ఇవాళ."

"అయ్యో, అదేంటి?"

"ఆగను. అంతే."

అమ్మాయికి అత్తయ్య గొంతు కొత్తగా అనిపించి ఊరుకుంది.

మూడో మజిలీ దాటి మలుపు తిరిగారు. అత్తయ్య గొడుగు పైకెత్తి, అడుగు వేగం పెంచింది. కొట్టు తలుపులు మూసి ఉన్నాయి, తాళం వేలాడుతోంది. ఆమె అటు చూడకుండా దాటింది. పదడుగులు వేశాక వెనక చెప్పుల చప్పుడు వినిపించలేదు. తిరిగి చూసింది.

ముప్ఫైయొక్క మందీ మెట్ల ముందు ఆగి ఉన్నారు.

"ఇదేగా? వీడియోలో మెట్టిదే."

"కింది మెట్టు. ఇదిగో."

ఒకావిడ వంగి మెట్టును వేళ్ళతో తాకింది. ఆమె పక్కనున్న పడుచు తాళంకేసి చూసి, "కొట్టు మూసేశాడేంటి వదినా?" అంది.

"మూసెయ్యడా మరి? నాకైతే మొదటి నుంచీ అనుమానమే. ఈవిడ బంగారంలాంటి మనిషి. ముసలాడిని వీధిలో పెట్టడం ఇష్టంలేక తనమీద వేసుకుంది. తప్పు చెయ్యనివాడైతే నిన్న నాలుగు మాటలు మాట్లాడేవాడు. సరేనని లోపలికి పోతాడా? మర్నాటికి ఖాళీ చేసి పారిపోతాడా?"

"నిజమే సుమా" అన్నారు వెనకనుంచి ఇద్దరు ముగ్గురు.

అత్తయ్య వెనక్కి వచ్చింది. ఆయన గురించి చెప్పనని మాటిచ్చింది. గిన్నె మీద మూత సంగతి చెప్పాలంటే ఆయన్ని తీసుకురావాలి. పని పోయిన సంగతి చెప్పాలన్నా ఆయన్నే తీసుకురావాలి. ఆయన లేకుండా చెప్పగలిగింది ఒక్కటే ఉంది.

"జ్వరం బిళ్ళ వేసింది నేను" అంది. "నేనే వేశాను."

ఆ వదినే వచ్చి ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, జాలిగా నిమిరింది. తర్వాత వదినామరదళ్ళు పక్కకు తప్పుకున్నారు. వదిన గొంతు తగ్గించింది కానీ వీధి చిన్నది.

"చూశావా, ఇప్పటికీ ఆ ముసలాణ్ణి ఒక్కమాట అనడం లేదు."

అత్తయ్య గొడుగెత్తి ఐదో మజిలీవైపు నడిచింది. ముప్ఫైయొక్క మందీ చప్పుడు చెయ్యకుండా, ఎంతో గౌరవంగా, ఆమె వెంట నడిచారు.